అక్వేరియానికి నీటితో చల్లబడే ఎల్‌ఈడీ లైటు: ఇంట్లో తయారుచేసుకునే సమగ్ర మార్గదర్శి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్త విషయం కాదు. స్లాబు ఇంట్లో, పడమటి ఎండ తగిలే గదిలో పెట్టిన అక్వేరియం నీరు సాయంత్రానికి 33, 34 డిగ్రీలకు చేరుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా కరిగే ఆక్సిజన్, 35 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది; సరిగ్గా అప్పుడే చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఇలాంటి తొట్టి మీద మూత బిగించి, ఆ మూత లోపల శక్తిమంతమైన లైటు పెడితే, ఆ లైటు వేడి కూడా నీటికే చేరుతుంది. ఆ వేడిని తొట్టి దగ్గర వదలకుండా, గొట్టంలో ప్రవహించే నీటి ద్వారా దూరంగా ఉన్న బకెట్టులోకి తీసుకుపోయే లైటును మన ఊళ్లలో దొరికే సామానుతో ఎలా తయారుచేసుకోవాలో ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట స్పష్టంగా తెలుసుకోవాలి. ఈ లైటు తొట్టి నీటిని చల్లబరచదు, కొత్త వేడిని చేర్చకుండా ఆపుతుంది, అంతే. ఎండాకాలంలో తొట్టి నీటిని చల్లగా ఉంచడానికి నీటి మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాను వంటి ఏర్పాటు వేరుగా ఉండాల్సిందే. అలాగే రెండు అడుగుల లోపు తొట్టికి, లేదా తక్కువ వెలుతురులో పెరిగే అనూబియాస్, జావా ఫెర్న్ వంటి మొక్కలు మాత్రమే ఉన్న తొట్టికి ఇంత శ్రమ అవసరం లేదు; అల్యూమినియం పట్టీ మీద అతికించిన మామూలు ఎల్‌ఈడీలు చాలు. మూడు అడుగులు, ఆపై పొడవున్న, మొక్కలు దట్టంగా పెంచే తొట్టికే ఈ పద్ధతి నిజంగా ఉపయోగపడుతుంది.

లెక్క ముందు, పని తరువాత

36 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న తొట్టిని ఉదాహరణగా తీసుకుందాం. ఇసుక, రాళ్లు పోగా అందులో దాదాపు 140 లీటర్ల నీరు పడుతుంది. దీనికి 3 వాట్ల రకం ఎల్‌ఈడీలు 24 సరిపోతాయి. వీటిని 12 చొప్పున రెండు వరుసలుగా చేసి, ఒక్కో వరుసకు 600 మిల్లీ ఆంపియర్ల కరెంటు ఇస్తాము. ఈ రకం ఎల్‌ఈడీలు సాధారణంగా 700 మిల్లీ ఆంపియర్ల వరకు తట్టుకుంటాయి కాని, మన వేడికి కొంత తగ్గించి నడపడమే మంచిది. వెలుతురులో తేడా కంటికి పెద్దగా కనిపించదు, ఆయుష్షు మాత్రం పెరుగుతుంది.

తెల్ల ఎల్‌ఈడీ ఒక్కొక్కటి సుమారు 3.2 వోల్టులు, 660 నానోమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 2.2 వోల్టులు తీసుకుంటాయి. ఒక వరుసలో 6500 కెల్విన్ తెల్లవి ఎనిమిది, 3000 కెల్విన్ పసుపు ఛాయ ఉన్నవి రెండు, ఎర్రవి రెండు పెడితే మొత్తం 36.4 వోల్టులు అవుతాయి. రెండు వరుసలకు కలిపి దాదాపు 44 వాట్లు. ఇందులో సుమారు మూడో వంతు వెలుగుగా మారుతుంది, మిగిలిన 28 వాట్లు వేడిగా మిగులుతాయి. రోజుకు ఎనిమిది గంటలు వెలిగే లైటు నుంచి ఈ వేడి మొత్తం తొట్టిలోకే దిగితే, 140 లీటర్ల నీరు దాదాపు 1.4 డిగ్రీలు వేడెక్కుతుంది. చలికాలంలో ఇది లెక్కలోకి రాదు. కాని 33 డిగ్రీల దగ్గర ఇబ్బంది పడుతున్న చేపకు ఆ పైన ఒకటిన్నర డిగ్రీ చాలా ఎక్కువ.

ఇదే వేడిని మోసుకుపోవడానికి ఎంత నీరు పారాలి? నిమిషానికి అర లీటరు పారినా చాలు, గొట్టంలోకి వెళ్లే నీటికీ బయటికి వచ్చే నీటికీ మధ్య తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు. నీటికి ఉన్న ఈ గుణం వల్లనే పెద్ద పంపులు, లావు పైపులు, కారు రేడియేటర్లు మనకు అక్కరలేదు.

తొట్టి నీటినే ఎందుకు తిప్పకూడదు

తొట్టి నీటినే గొట్టంలో తిప్పితే సులువు కదా అని చాలామందికి తోస్తుంది. అలా చేస్తే లైటు వేడి నేరుగా తొట్టిలోకే చేరుతుంది, కాబట్టి చేసిన పనికి అర్థమే ఉండదు. అంతేకాక లోహపు గొట్టాన్ని తాకిన నీరు చేపలకు మంచిది కాదు; ముఖ్యంగా రాగి, ఇత్తడి నుంచి కరిగే రాగి అణువులు రొయ్యలకు, నత్తలకు చాలా తక్కువ మోతాదులోనే విషం. అందువల్ల చల్లబరిచే నీరు వేరు, చేపల నీరు వేరు. ఈ రెండూ ఎక్కడా కలవని విధంగానే కింది ఏర్పాటు మొత్తం ఉంటుంది.

సామాను

ముఖ్యమైనది ఒక అంగుళం అల్యూమినియం స్క్వేర్ పైపు; నీరు పారేది దీని లోపలే, ఎల్‌ఈడీలు అంటించేది దీని మీదే. కిటికీలు, పార్టీషన్లు చేసే అల్యూమినియం దుకాణాల్లో 25 మిల్లీమీటర్ల పైపు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంలో దొరుకుతుంది. దీన్ని ఎల్‌ఈడీల వరుసకొకటిగా, 90 సెంటీమీటర్ల చొప్పున రెండు ముక్కలు కోయించుకోండి. రంగు వేసినది, పౌడర్ కోటింగ్ ఉన్నది వద్దు, ఎందుకంటే ఆ పొర వేడిని అడ్డుకుంటుంది. పూత లేని మిల్ ఫినిష్ పైపే అడగండి.

నీటి గొట్టాలకు, జాయింట్లకు ఆర్వో ఫిల్టర్ల స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లడం ఉత్తమం. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల మన ప్రాంతంలో వీధికొక ఆర్వో మరమ్మతు దుకాణం ఉంది, కాబట్టి పావు అంగుళం పైపు, నొక్కితే బిగిసే ప్లాస్టిక్ ఎల్బోలు ఏ చిన్న పట్టణంలోనైనా దొరుకుతాయి. నల్ల పైపు దొరికితే అదే తీసుకోండి. తెల్ల పైపులోకి వెలుతురు పోయి లోపల నాచు పడుతుంది. ఇత్తడి జాయింట్లు ఎంత గట్టిగా కనిపించినా వాడకండి, ఎందుకంటే అల్యూమినియం, ఇత్తడి ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం త్వరగా తినుకుపోతుంది.

పంపు విషయంలో కొంచెం ఆగి ఆలోచించాలి. ఇంట్లో పాత కూలర్ పంపు ఉందని దాన్నే వాడాలనిపిస్తుంది. ఆ పంపు 18 వాట్లు తీసుకుంటుంది, నీటిలో మునిగి ఉంటుంది కనుక దాని వేడి దాదాపు మొత్తం మన బకెట్టు నీటిలోనే కలుస్తుంది. ఎల్‌ఈడీల వేడి 28 వాట్లయితే, దాన్ని తీసేయడానికి పెట్టిన పంపే ఇంకో 18 వాట్లు చేర్చినట్టు అవుతుంది. 12 వోల్టుల బ్రష్‌లెస్ డీసీ పంపు, మూడు మీటర్ల ఎత్తుకు నీరు ఎక్కించగలది, సుమారు 5 వాట్లతోనే ఈ పని చేస్తుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద నడపవచ్చు కూడా.

ఎల్‌ఈడీలు, పవర్ సప్లై, డ్రైవర్లు ఆన్‌లైన్‌లో గాని, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో గాని దొరుకుతాయి. ఎల్‌ఈడీలు 20 మిల్లీమీటర్ల అల్యూమినియం స్టార్ పలక మీద బిగించినవే కొనండి. అంగుళం పైపు ముఖం మీద అవి సరిగ్గా కూర్చుంటాయి. 48 వోల్టుల, 75 వాట్లకు తగ్గని ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై) ఒకటి, 600 మిల్లీ ఆంపియర్ల కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్లు (ఎల్‌ఈడీలకు వెళ్లే కరెంటును ఒకే స్థాయిలో ఉంచేవి) రెండు కావాలి. మీన్‌వెల్ కంపెనీ ఎల్‌డీడీ-600హెచ్ దీనికి బాగా సరిపోతుంది. అది 56 వోల్టుల వరకు తీసుకుని 52 వోల్టుల వరకు ఇవ్వగలదు. ఇవి కాక వేడిని ప్రసరింపజేసే జిగురు, మామూలుగా విడిపోయి ఉండి, వేడెక్కి 55 డిగ్రీల దగ్గర కలిసే నార్మల్లీ ఓపెన్ రకం థర్మల్ స్విచ్చు, మూత ఉన్న 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్టు సిద్ధం చేసుకోండి.

పైపు చివరలు మూయడం

ఈ పని మొత్తంలో ఎక్కువ ఓపిక కావలసినది ఇక్కడే. పైపు ముక్కను లేత్ షాపుకు తీసుకెళ్లి, దాని లోపలి కొలతకు సరిపడా అల్యూమినియం దిమ్మెలు నాలుగు చేయించండి. లోపలి కొలత లెక్క ప్రకారం 22 మిల్లీమీటర్లు అయినా కొంచెం అటూ ఇటూగా ఉంటుంది, కాబట్టి నోటి మాటగా కొలత చెప్పకుండా పైపునే ముందు పెట్టి వెర్నియర్‌తో కొలిపించండి. ఒక్కో దిమ్మె రెండున్నర సెంటీమీటర్ల పొడవు ఉండి, మధ్యలో పావు అంగుళం బీఎస్‌పీ థ్రెడ్‌తో (పైపు జాయింట్లకు వాడే మరతో) రంధ్రం ఉండాలి. నైలాన్‌తో చేస్తే చవక కదా అని లేత్ షాపు వారు అనవచ్చు. నైలాన్‌కు అరాల్డైట్ జిగురు సరిగా అంటదు, కొన్నాళ్లకు ఊడుతుంది. దగ్గరలో ఆర్గాన్ వెల్డింగ్ చేసేవారు ఉంటే, దిమ్మెలను వెల్డింగ్ చేయించడం అన్నిటికన్నా మేలు.

జిగురుతో అతికించేటట్టయితే, దిమ్మె నాలుగు ముఖాలను, పైపు లోపలి అంచులను గరుకు కాగితంతో బాగా రుద్ది, థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. అల్యూమినియం మీద మెరుపు పోయి బూడిద రంగు గరుకుదనం కనిపించాలి. గుడ్డ మీద నల్లటి మసి రావడం ఆగేదాకా తుడవాలి. త్వరగా ఆరే రకం కాకుండా, మెల్లగా గట్టిపడే అరాల్డైట్‌ను రెండింటికీ పూసి, దిమ్మెను తిప్పకుండా నిటారుగా లోపలికి తోయండి. బయట అంచు చుట్టూ ఎం-సీల్ పెట్టి ఒక రోజంతా కదపకుండా ఉంచండి. ఆ తరువాత ఎల్బోలకు టెఫ్లాన్ టేపు చుట్టి, చేతితోనే బిగించండి. పానాతో బిగిస్తే ప్లాస్టిక్ మరలు చిట్లుతాయి.

ఎల్‌ఈడీలు అతికించక ముందే లీకు పరీక్ష జరగాలి. రెండు పైపులను ఒకదాని తరువాత ఒకటిగా కలిపి, పంపుతో నీరు తిప్పుతూ, పాత వార్తాపత్రిక పరచి దాని మీద 24 గంటలు ఉంచండి. ప్రతి జాయింటు చుట్టూ ఒక టిష్యూ కాగితం ముక్క చుట్టి పెడితే, కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం రంగు మారడంతో బయటపడుతుంది. ఒక్క జాయింటులో అనుమానం వచ్చినా దాన్ని తీసి మళ్లీ చేయండి. ఈ పైపులు చేపల మీద, కరెంటు వైర్ల పక్కన వేలాడబోతున్నాయి.

ఎల్‌ఈడీలు అతికించడం, వైరింగ్

పైపు లోపల నీరు ఉంటుంది కనుక ఎల్‌ఈడీని మరలతో బిగించడం కుదరదు, పైపు గోడకు ఒక్క రంధ్రం కూడా వేయకూడదు. అందుకే వేడిని ప్రసరింపజేసే జిగురు. పైపు ఒక ముఖాన్ని 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది తుడిచి, చివర నుంచి ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర మొదటి గుర్తు, అక్కడి నుంచి ఏడేసి సెంటీమీటర్లకు ఒక గుర్తు పెట్టండి. పన్నెండు గుర్తులు సరిగ్గా వస్తాయి. ఎర్ర ఎల్‌ఈడీలను నాలుగో, తొమ్మిదో గుర్తుల మీద పెడితే ఎరుపు ఒక పక్కకే గుంపుగా కనిపించదు. జిగురును పలచగా, గోరు మందం కంటే తక్కువగా పూసి, ఎల్‌ఈడీ పలకను అంచుల దగ్గర నొక్కండి. మధ్యలోని గాజులా కనిపించే బుడగను మాత్రం వేలితో తాకవద్దు.

అతికించక ముందే ప్రతి పలక మీద ప్లస్, మైనస్ బిందువులకు సోల్డరింగ్ సీసం పూసి ఉంచుకోవడం మరవకండి. ఒకసారి పైపుకు అంటుకున్నాక, పైపు మొత్తం సోల్డరింగ్ ఐరన్ వేడిని లాగేసుకుంటుంది, సీసం కరగకుండా ముద్దకడుతుంది. వైర్లు అతికించేటప్పుడు కూడా పైపు ఖాళీగా, ఆరి ఉండాలి. ఒక ఎల్‌ఈడీ మైనస్ నుంచి తరువాతి దాని ప్లస్‌కు, వరుస అంతా అలాగే కలపండి. పూర్తయ్యాక మల్టీమీటర్‌ను కంటిన్యుయిటీలో పెట్టి, ప్రతి బిందువుకూ పైపు లోహానికీ మధ్య సంబంధం లేదని చూసుకోవాలి. ఎక్కడైనా బీప్ శబ్దం వస్తే ఆ పలకను తీసేయాల్సిందే.

సోల్డరింగ్ చేసిన చోట్ల చెమ్మ తగలకుండా సిలికాన్ పూస్తారు. తొట్టి అద్దాలు అతికించే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఇక్కడ పనికిరాదు, అది ఆరేటప్పుడు విడుదలయ్యే ఆమ్లం రాగి వైరును తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే వాడండి, అదీ ఎల్‌ఈడీ బుడగ మీద పడకుండా చూడండి.

48 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ ప్లస్, మైనస్‌లను రెండు డ్రైవర్ల ఇన్‌పుట్‌కు, ఒక్కో డ్రైవర్ అవుట్‌పుట్‌ను ఒక్కో వరుసకు ఇవ్వండి. డ్రైవర్ అవుట్‌పుట్ మైనస్‌ను ఇన్‌పుట్ మైనస్‌తో ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. ఇక థర్మల్ స్విచ్చు. ఎల్‌డీడీ డ్రైవర్లలో డిమ్ అనే వైరు ఒకటి ఉంటుంది. అది ఖాళీగా ఉన్నంతసేపు లైటు వెలుగుతుంది, ఇన్‌పుట్ మైనస్‌కు కలిస్తే ఆరిపోతుంది. రెండు డ్రైవర్ల డిమ్ వైర్లను కలిపి, వాటికీ ఇన్‌పుట్ మైనస్‌కూ మధ్య థర్మల్ స్విచ్చు పెట్టండి. ఆ స్విచ్చును నీరు బయటికి వెళ్లే చివర, ఎల్‌ఈడీల పక్కనే పైపుకు అతికించండి. పంపు ఆగిపోయినా పైపులో నిలిచిన నీరు, లోహం కలిసి ఆ వేడిని తీసుకుంటాయి కనుక నిమిషానికి అర డిగ్రీ కూడా పెరగదు. 40 డిగ్రీల నుంచి 55కు చేరడానికి అరగంటకు పైగా పడుతుంది, అప్పుడు స్విచ్చు కలిసి లైటు దానంతట అదే ఆరిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్‌ను తొట్టి పైన గాని, కింద నీరు పడే చోట గాని పెట్టవద్దు; పక్క గోడకు, తొట్టి నీటి మట్టానికి దూరంగా బిగించండి. తొట్టి మీది నుంచి వచ్చే ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి ఒక ఒంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంట జారిన చుక్క ఆ ఒంపు దగ్గరే రాలిపోతుంది. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే ముందు అది చేయించండి, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) కూడా పెట్టించండి. చేప తొట్టిలో చేయి పెట్టే ఇంట్లో ఇది తప్పనిసరి ఖర్చు.

బకెట్టు, నీరు

బకెట్టును తొట్టి స్టాండు కింద గాని, పక్కన గాని నేల మీద పెట్టండి. అందులో పోయవలసినది బోరు నీరు కాదు. మన బోరు నీటిలోని సున్నం సంగతి కూలర్ గడ్డి మీద పేరుకునే తెల్లటి పెచ్చే చెబుతుంది. ఆ పెచ్చు అల్యూమినియం పైపు లోపల పడితే వేడి నీటిలోకి దిగదు. బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ శ్రేష్ఠం, అది ఖర్చు అనుకుంటే ఆర్వో నీరు వాడవచ్చు. కారు ఇంజన్ కూలెంట్ కలపవద్దు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని చేపల మీదుగా, పిల్లలు తిరిగే గదిలో పారించడం తెలివైన పని కాదు.

పంపును బకెట్టు అడుగున కాకుండా, నీటి మట్టానికి ఐదు సెంటీమీటర్ల కిందనే వేలాడదీయండి, తిరిగి వచ్చే పైపును మాత్రం అడుగు దాకా దింపండి. ఎప్పుడైనా పైన జాయింటు ఊడినా పంపు నాలుగైదు లీటర్లు తోడేసరికి గాలి పీల్చి ఆగుతుంది, ఇల్లంతా నీరు కాదు. బకెట్టును పూర్తిగా నింపవద్దు. పైపుల్లోని నీరు, దాదాపు ఒక లీటరు, వెనక్కి దిగడానికి చోటు ఉండాలి.

పంపు వేడితో కలిపి 33 వాట్లు ఎనిమిది గంటల పాటు ఈ బకెట్టులోకి చేరితే, ఏమాత్రం బయటికి పోకపోయినా 20 లీటర్ల నీరు 11 డిగ్రీల పైచిలుకు వేడెక్కుతుంది. బకెట్టు గోడల నుంచి వేడి పోతూనే ఉంటుంది కనుక నిజంగా అంత పెరగదు, తెల్లవారేసరికి మళ్లీ గది వేడికి దగ్గరగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం గదిలోనే 38, 40 డిగ్రీలు ఉంటాయి, అప్పుడు బకెట్టు చుట్టూ తడి గోనెపట్టా చుట్టండి. ఇంట్లో రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఇందువల్లనే. ఆ 33 వాట్ల ఎనిమిది గంటల వేడిని తీసుకుపోవడానికి సుమారు 400 మిల్లీలీటర్ల నీరు ఆవిరైతే చాలు. గోనెపట్టా గదిలోని వేడిని కూడా లాగుతుంది కనుక అంతకంటే ఎక్కువే తడపాలి. ఉదయం, సాయంత్రం ఒక్కో చెంబు పోస్తే సరిపోతుంది, దీనికి బోరు నీరైనా పరవాలేదు. గోనెపట్టా అడుగు ఒక పళ్లెంలో మునిగేలా పెడితే నీరు దానంతట అదే పైకి పాకుతుంది. బకెట్టులో మంచు గడ్డలు వేయాలన్న ఆలోచన మాత్రం వద్దు: పైపు గది గాలి కంటే బాగా చల్లబడితే దాని మీద చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ ఎల్‌ఈడీల మధ్యకు దిగుతుంది. వానాకాలంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

బిగించడం, నడపడం

నీటితో కలిపి రెండు పైపుల బరువు రెండు కిలోలకు మించదు, కాబట్టి రెండు అల్యూమినియం యాంగిల్ ముక్కల మీద తొట్టి అంచుకు ఆనించినా, స్లాబు నుంచి తీగతో వేలాడదీసినా పరవాలేదు. నీటి మట్టానికి 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో, ఎల్‌ఈడీలు కింది ముఖం మీద ఉండేలా పెట్టండి. నీరు బయటికి వెళ్లే చివరను ఒక సెంటీమీటరు ఎత్తుగా ఉంచితే లోపలి గాలి బుడగలు బయటికి పోతాయి. ఒకవేళ కొంత గాలి మిగిలినా పై ముఖం కిందే చేరుతుంది, ఎల్‌ఈడీలున్న గోడ ఎప్పుడూ నీటితో తడిసే ఉంటుంది. కింద నాలుగు మిల్లీమీటర్ల అద్దం పెడితే చేపలు చిమ్మే నీటి తుంపరలు వైర్లకు తగలవు.

ముందు పంపును పావుగంట నడిపి గాలి అంతా పోయాక లైటు వేయండి. మొదటి రోజు గంటకోసారి పైపును చేతితో తాకి చూడండి. గది కంటే కొద్దిగా వెచ్చగా అనిపించాలి. ఎక్కడైనా ఒక ఎల్‌ఈడీ పలక దాని పక్కవాటి కంటే బాగా వేడిగా ఉంటే, దాని కింద జిగురులో గాలి చిక్కిందని అర్థం, తీసి మళ్లీ అతికించాలి. కొత్త లైటును మొదటి రెండు వారాలు రోజుకు ఆరు గంటలే వెలిగించి, నాచు పెరగకపోతే ఎనిమిది గంటలకు పెంచండి. ఎండాకాలంలో ఎండ ముదిరి ఉండే మధ్యాహ్నం కాకుండా, సాయంత్రం నాలుగు తరువాత వెలిగేలా టైమర్ పెట్టుకోవడం మంచిది. వెలుతురు ఎక్కువై నాచు పడితే, డిమ్ వైరు ద్వారా తగ్గించుకునే వీలు ఈ డ్రైవర్లలోనే ఉంది.

ఏడాదికోసారి, ఎండలు ముదరక ముందు మార్చిలో, బకెట్టు నీరు మార్చి, జాయింట్లకు మళ్లీ టిష్యూ కాగితం చుట్టి చూడండి. అదే రోజు లైటు వెలుగుతుండగా, ప్లాస్టిక్ సంచిలో 65 డిగ్రీల వేడి నీరు పోసి మూతి ముడివేసి థర్మల్ స్విచ్చుకు ఆనించి పట్టుకోండి. కాసేపటికి లైటు ఆరిపోవాలి. ఆరకపోతే స్విచ్చు గాని, దాని వైరు గాని తెగి ఉండవచ్చు. దాన్ని మార్చేదాకా లైటు వేయవద్దు.